కన్ను నొప్పి పెట్టదు

షుగర్ వల్ల నా రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొర, దెబ్బతింది. దానికి మొదటి లేజర్ చికిత్స అయ్యాక కంటి డాక్టరుగారిని ఒకే మాట అడిగాను: "చూపేమీ పెరగలేదు, బాగానే కనబడుతోంది కదండీ, మళ్లీ ఎందుకు రావడం?" ఆయన తలెత్తకుండానే, "షుగర్ అదుపులో పెట్టుకోరు, పైగా ప్రశ్నలు. పూర్తిగా పోయాక వస్తారు మీరంతా" అన్నారు. బెంచీల మీద కూర్చున్న వాళ్లంతా విన్నారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కబుద్ధి కాలేదు.

అడగకూడనిదా అది? లేజర్ ఉన్న చూపు పోకుండా కాపాడటానికే, పెంచడానికి కాదు. ఆ ముక్క ముందే చెబితే ఏం పోయేది? పైగా షుగర్ డాక్టరు ఒకరోజు, కిడ్నీ పరీక్షలు ఇంకోరోజు, కంటికి మరోరోజు. చుక్కలు వేస్తే గంటల తరబడి మసకే, తోడు లేకుండా ఇల్లు చేరలేం. "ఈసారికి వాయిదా వేద్దామా అమ్మా?" అని అబ్బాయి అడిగితే, వాడి సెలవు సంగతి తెలిసి కాదనడానికి నోరెలా వస్తుంది?

అలా వెళ్లడం మానేశాక ఒక రాత్రి మంచినీళ్లకని లేచి లైటు వేశాను. కుడికంటి ముందు నల్లటి దారం వేలాడుతోంది. చేత్తో తోశాను. పోలేదు. కన్ను ఎటు తిప్పితే అటే వచ్చింది. చూస్తుండగానే నీళ్లలో సిరా ఒలికినట్టు అంతా పరుచుకుంది. ఎడమకన్ను మూస్తే గోడ గడియారం లేదు, గోడా లేదు. నొప్పి మాత్రం రవ్వంత లేదు. నొప్పి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో. మా ఆయన్ని లేపాను. తెల్లవార్లూ నా చెయ్యి వదల్లేదు ఆయన. నేను ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూసుకుంటూ, కనబడని దేవుడి పటానికే దండాలు పెట్టుకున్నాను.

తర్వాత వేరే ఆసుపత్రి, స్కానింగులు, కంట్లో ఇంజెక్షన్లు, మళ్లీ లేజర్. సూదికి భయపడకండి, మత్తు చుక్కలు వేస్తారు, నొక్కినట్టుంటుంది అంతే. అక్కడి డాక్టరమ్మ నా రెటీనా ఫోటో తెర మీద చూపించి, "ఇవి కొత్తగా పుట్టిన రక్తనాళాలమ్మా, బలం లేనివి. ఇవి చిట్లే రక్తం కారింది. 20 ఏళ్లు షుగరున్న వాళ్లలో సగం మందికి పైగా రెటీనా ఎంతో కొంత దెబ్బతింటుంది, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి" అంది. అక్కడే ఏడ్చేశాను. చీటీ మీద తేదీ రాసి, పక్కనే ఎందుకు రావాలో కూడా రాసింది: ఇంజెక్షన్లు మధ్యలో మానేస్తే ఆ నాళాలు మళ్లీ పెరగొచ్చని. ఆ తల్లి చల్లగా ఉండాలి.

రక్తం మెల్లగా కరిగింది. దేవుడి దయవల్ల పేపరు చదువుకుంటున్నాను.

షుగరున్న వాళ్లు, చూపు ఎంత బాగున్నా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. తిన్నటి గీతలు వంకరగా కనబడినా, ఉన్నట్టుండి నల్లచుక్కలు వచ్చినా ఇచ్చిన తేదీదాకా ఆగొద్దు. ఇక కంటి ఆసుపత్రుల వాళ్లకు ఒక విన్నపం. రమ్మన్న రోజున మనిషి రాకపోతే ఒక ఫోను చేసి ఎందుకు రాలేదో అడగండి. నన్ను అంత మాటన్న చోటు నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు.