గోలీకి ముందు ప్రార్థన

టీబీ అంటే దగ్గే అనుకుంటారు మనవాళ్ళు. నాకు అసలు దగ్గే రాలేదు. ఉన్నదల్లా నడుము నొప్పి, అదీ రాత్రి పడుకున్నాక ఎక్కువయ్యేది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులవుతుంటే కాజీపేటలో మా స్కూల్ టీచర్లు "డైటింగా మేడం?" అని అడిగేవారు.

హన్మకొండలో నేను చూపించుకున్న డాక్టరు తలెత్తి నా ముఖం కూడా చూడలేదు. "సీజర్ అయిందా? ఆ మత్తు ఇంజెక్షన్ వల్లే. ఆడవాళ్ళకు మామూలే" అన్నారు. జ్వరం సంగతి చెప్పబోతే తర్వాతి పేషెంటును పిలిచారు. ఆయన్ని క్షమించే మనసు ఇమ్మని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఇంకా రాలేదు.

అది వానాకాలం. ఆ రాత్రి మా ఆయన డ్యూటీలో ఉన్నారు, బాబు నిద్రపోతున్నాడు. వాకిట్లో ఉన్న బాత్‌రూమ్‌కని లేచి కొంచెం దూరం నడిచాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. కాలి కింద వాన నీళ్ళు ఉన్నాయి. కుడికాలికి చల్లగా తగులుతున్నాయి, ఎడమకాలికి ఏమీ తెలియడం లేదు. గోడ పట్టుకుని తొడ మీద గిచ్చుకున్నాను. ఎవరి కాలో గిచ్చినట్టుంది. ఇంకో అడుగు వేయబోయి కూలబడ్డాను.

అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం గాదు బిడ్డా, నేనున్న గదా" అంటూ చంకల కింద చేతులేసి నన్ను లోపలికి లాక్కెళ్ళింది. 108 వచ్చేదాకా నా పాదాలు రుద్దుతూ 121వ కీర్తన చెబుతూనే ఉంది. ఆమెకు చదువు రాదు, విని నేర్చుకున్నదే. "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు, నిన్ను కాపాడువాడు కునుకడు" అనేసరికి నాకు తట్టుకోలేనంత కోపం వచ్చింది. "తొట్రిల్లింది కదా అత్తమ్మా! ఇంకేం తొట్రిల్లాలి?" అని అరిచాను. ఆమె నాకు జవాబు చెప్పలేదు, రుద్దడం ఆపలేదు. మళ్ళీ మొదటి వచనం నుంచి ఎత్తుకుంది.

ఎంఆర్ఐ, సూదితో శాంపిల్, రిపోర్టులు అన్నీ అయ్యాక తేలింది, వెన్నెముకకు టీబీ. రెండు పూసల మధ్య చీము పట్టి నరాన్ని నొక్కుతోంది. ఇంకా ఆలస్యమైతే నడక పోయేదన్నారు. ఎముక టీబీకి కనీసం 12 నెలలు మందులు వాడాలి. అవి సర్కారు దవాఖానాల్లో ఉచితంగానే ఇస్తారు. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి పక్కవాళ్ళకు అంటదని డాక్టరమ్మ మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆ తల్లికి వందనాలు.

మంచం మీద ఉండగా ప్రార్థన చేస్తానని ఒక బ్రదర్ వచ్చారు. మా సంఘం కాదు, ఎవరో తీసుకొచ్చారు. తల మీద చెయ్యి పెట్టి, "మీ ఇంట్లో దాచిన పాపం ఉంది. ఒప్పుకుంటే గోలీలతో పని లేదు" అన్నారు. గుమ్మం దగ్గర మా ఆయన తల దించుకుని నిలబడ్డారు. మా పెళ్ళికి ముందు ఆయన తాగేవారు, మానేసి చాలా ఏళ్ళయింది. తన వల్లే నాకిలా అయిందని ఆ రాత్రంతా ఏడ్చారు. జబ్బు నా వెన్నులో ఉంటే, ఆ మాట తీసుకెళ్ళి ఆయన గుండెలో పెట్టారు.

మరునాడు మా పాస్టరయ్యగారు వచ్చి యోహాను సువార్త 9వ అధ్యాయం తీశారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడుగుతారు. వీడూ కాదు, వీని కన్నవాళ్ళూ కాదంటాడు ప్రభువు. తర్వాత మట్టి తడిపి వాడి కళ్ళకు పూసి, సిలోయము కోనేటిలో కడుక్కోమని పంపుతాడు. "యేసయ్యే మందు పూసినట్టు మట్టి పూశాడమ్మా. నువ్వు గోలీ వేసుకో" అన్నారు అయ్యగారు. అప్పటి నుంచి గోలీకి ముందు ప్రార్థన చేశాను, ప్రార్థన తర్వాత గోలీ మింగాను. వాంతులు, ఎర్రగా మూత్రం, నడుముకు బెల్టు, పెరుగన్నం కూడా సయించని పొద్దులు. అన్నీ గడిచాయి. మెల్లగా కాలు మళ్ళీ స్వాధీనంలోకి వచ్చింది.

మా అమ్మమ్మది మెదక్ దగ్గరి ఊరు. మెదక్ చర్చి సంగతి ఎన్నోసార్లు చెప్పేది. కరువు కాలంలో పోస్నెట్ అనే మిషనరీ దొర జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించాడట. 1924లో ప్రతిష్ఠ జరిగింది. ఆకలితో ఉన్నవాళ్ళకు ముందు అన్నం పెట్టిన గుడి అది. అది గుర్తొచ్చాకే నేనేం చేయాలో తోచింది. టీబీ పేషెంట్లకు పౌష్టికాహారం కోసం కేంద్రం ఇచ్చే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలు చేశారు. గుడ్లు, పప్పు, పాల ఖర్చు చూస్తే అదీ చాలదు. మా సంఘం ఆడవాళ్ళం కలిసి, మందులు వాడుతున్న ఇళ్ళకు సరుకులు ఇచ్చి వస్తున్నాం. ధర్మసాగర్ వైపు ఒక ఇంట్లో కోడలికి కంచం వేరు పెట్టారు. మందులు సరిగ్గా వేసుకుంటోంది, దవాఖానా వాళ్ళే భయం లేదన్నారు. అయినా వేరే. మేం వెళ్ళి ఆ పిల్లతో కలిసి కూర్చుని తిన్నాం. వాళ్ళ అత్త చూస్తూ ఉంది, ఏమీ అనలేదు. మళ్ళీ వెళ్తాం.

రాత్రిపూట ఎక్కువయ్యే నడుము నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే టీబీ పరీక్ష చేయమని మీరే అడగండి. డాక్టరు విసుక్కున్నా అడగండి.

ఆ రోజు వచ్చిన బ్రదర్ ఇది చదువుతారేమో. అన్నా, ఇంకో మంచం దగ్గర ఆ మాట అనకండి. మా ఆయన ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, నిజంగా నా వల్ల కాదు కదా అని.