ఆస్టోరియా కొండ మీద నాన్న

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని మా హిల్స్‌బరో నుంచి సముద్రం చూడ్డానికి బయల్దేరే మనవాళ్ళంతా కానన్ బీచ్‌లో ఫొటోలు దిగి, పులిహోర తినేసి వెనక్కి వచ్చేస్తారు. మేమూ ఇన్నేళ్ళూ అంతే. ఈసారి వైజాగ్ నుంచి నాన్న వచ్చారు. ముప్పయ్యేళ్ళు పోర్టులో పనిచేసిన మనిషి. "ఇసక మనకీ ఉందిరా. ఓడలెక్కడ?" అన్నారు. చేసేదేముంది, కారు హైవే 101 మీద ఉత్తరానికి, ఓడలు కనపడే ఆస్టోరియా ఊరి వైపు తిప్పాను.

అక్కడ ఆస్టోరియా కాలమ్ అనే స్తంభం ఉన్న కొండెక్కగానే పార్కింగ్‌కి ఐదు డాలర్లు. ఏడాదంతా చెల్లుతుందట. ఏడాదిలోపు మళ్ళీ ఎవడొస్తాడు? పైగా పొగమంచు, స్తంభం సగానికి పైన కనపడదు. 1926లో కట్టారు, 125 అడుగులు. కింది నుంచి పైదాకా మెలికలు తిరుగుతూ బొమ్మలు: 1792లో అమెరికన్ కెప్టెన్ గ్రే ఓడ ఇక్కడి కొలంబియా నదిలోకి రావడం, దారులు వెతుకుతూ లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు రావడం, చివరికి రైలు.

లోపల 164 మెట్లు. మోకాళ్ళ నొప్పి కదా, కింద కూర్చోమన్నాను. "సింహాచలం మెట్లెక్కినవాణ్ణిరా" అంటూ ముందు నడిచారు. ఆయాసం వచ్చింది నాకు.

పైన పిల్లలు చెక్క విమానాలు విసురుతున్నారు. ఈలోగా మంచు విడింది. నదిలో లంగరేసిన ఓడలు కనపడగానే నాన్న మొహం వెలిగిపోయింది. "అది ఖాళీది, చూడు ఎంత పైకి తేలిందో. ఈ పక్కది లోడుతో ఉంది." నది సముద్రంలో కలిసేచోట దాదాపు రెండు వేల ఓడలు దెబ్బతిన్నాయనీ, దారి చూపించే స్థానిక పైలట్ ఎక్కకుండా పెద్ద ఓడ లోపలికి రాదనీ చెప్పాను. "పైలట్ లేకుండా ఎక్కడొస్తుందిరా!" అని నా చదువుని ఒక్క మాటతో తీసేశారు.

దిగాక స్తంభం చుట్టూ ఇంకోసారి తిరిగారు. "వచ్చినోళ్ళందర్నీ వేశారు. మనోళ్ళు ఒక్కరూ లేరేంట్రా?"

"అప్పట్లో ఇక్కడ మనవాళ్ళెవరుంటారు నాన్నా" అన్నాను, తెలిసినట్టే.

ఊళ్ళోకి దిగి టీ కోసం వెతుకుతుంటే, పెద్ద వంతెన కింద పార్కులో ఒక ఫలకం కనపడింది. గదర్ పార్టీకి పునాది వేసిన సమావేశం 1913లో ఈ ఊళ్ళోనే జరిగిందట! ఇక్కడి కలప మిల్లుల్లో పనిచేసిన పంజాబీలు, ఫిన్లాండ్ నుంచి వచ్చిన కార్మికుల హాల్లో కూర్చుని, బ్రిటిష్‌వాణ్ణి వెళ్ళగొట్టాలని తీర్మానించుకున్నారు. పదిహేనేళ్ళుగా రెండు గంటల దూరంలో ఉంటున్నాను, ఎవరూ చెప్పలేదు.

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని మొత్తం చదివారు. "మన దర్శి చెంచయ్యగారు చేరిన పార్టీ కదూ ఇది?"

ఆయనెవరని అడిగాను. కనిగిరి నుంచి కాలిఫోర్నియాకి చదువుకని వచ్చి, గదర్‌లో చేరి, జైలుపాలైన ఆ మనిషి కథ హైవే 26 ఎక్కి ఇల్లు చేరేదాకా సాగింది. పులిహోర డబ్బా మూత తియ్యలేదు.