పాటలో చీర, పోచంపల్లిలో ఆసు

సినిమా చూసేటప్పుడు నా చూపు ముందుగా చీర మీదికే వెళ్తుంది. పాట మొదలైతే మా ఇంట్లో అందరూ స్వరం గురించి, నాట్యం గురించి మాట్లాడుకుంటారు. నేను మాత్రం అంచు ఎంత వెడల్పుందో, కొంగు మీద ఏ పూలున్నాయో, అది నేసినదో అచ్చు వేసినదో వెతుక్కుంటాను. ఫోనులో పాట ఆపి, బొమ్మ పెద్దది చేసి చూసే అలవాటు నాది. పండుగకు కొత్త సినిమా విడుదలైతే అందులోని చీరల గురించి మా మేనత్తా నేనూ రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటాం. ఈ ఇష్టమే మమ్మల్ని ఒక రోజంతా నల్లగొండ నుంచి పోచంపల్లికి, అక్కడి నుంచి పుట్టపాకకు తిప్పింది.

అసలు కారణం మాత్రం 2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం అది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన నేత కుటుంబపు కుర్రవాడు, ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, తల్లికి భుజం నొప్పి రావడం చూసి, ఆ పనిచేసే యంత్రాన్ని తయారుచేశాడు. 1999 నాటికి అది పూర్తయింది. తల్లి పేరుమీద దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద మల్లేశంగా ప్రియదర్శి, తల్లిగా ఝాన్సీ నటించారు. ఆ సినిమాను నేను మళ్ళీ మళ్ళీ చూశాను. చూసిన ప్రతిసారీ ఒకటే అనుకున్నాను: చీరల గురించి ఇంత మాట్లాడే నేను ఆసును ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేదే అని.

నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కితే ఆ తరువాత చిట్యాల, చౌటుప్పల్. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. అత్తయ్య ఆ టికెట్‌ను జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంది. ఈ పథకం వచ్చాక ఆమె చుట్టాల ఇళ్ళకు వెళ్ళడం బాగా పెరిగింది. ఎవరినీ డబ్బులు అడగకుండా బయలుదేరగలగడం ఆమెకు చాలా పెద్ద సంగతి.

పక్క సీట్లో కాలేజీ అమ్మాయి ఫోనులో జానపద పాట చూస్తోంది. ఇప్పుడు మన వైపు ఏ ఊళ్ళో చూసినా ఇవే పాటలు. పొలం గట్టు, పాత పెంకుటిల్లు, డప్పు దరువు, ఒక జంట. కోట్లమంది చూస్తున్నారు. పెద్ద తారలు లేకుండా, మన ఊళ్ళ పిల్లలే రాసి పాడి ఆడుతుంటే ఇంత ఆదరణ రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. పాటలోని అమ్మాయి కట్టుకున్న చీర మీద గళ్ళూ ఏనుగులూ కనిపించాయి. “పోచంపల్లి కదా అక్కా?” అని అడిగిందా అమ్మాయి. ఫోను తీసుకుని దగ్గరగా చూశాను. ఏనుగు తొండం గీత కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంది. అచ్చు చీరే. ఎందుకో చెప్పడానికి ప్రయత్నించాను గానీ, చౌటుప్పల్ వచ్చేలోపు ఆ అమ్మాయికి పూర్తిగా అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడైతే చెప్పగలిగేదాన్ని.

చౌటుప్పల్ నుంచి ఆటోలో భూదాన్ పోచంపల్లి చేరాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చినప్పుడు భూమిలేని దళితులు సాగుకు భూమి అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని అక్కడే ప్రకటించారు. భూదానోద్యమం అలా మొదలైంది, ఊరి పేరుకు ముందు భూదాన్ చేరింది. వినోబా మందిరం చూసి బయటికొచ్చాం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు హైదరాబాద్ వచ్చిన అమ్మాయిలు కూడా ఇక్కడికి వచ్చారు. ఆ వీడియోలు నేనూ వదలకుండా చూశాను. అయితే వాటిలో మగ్గం కనిపించినంతగా ఆసు కనిపించలేదు. నేను వచ్చింది దానికోసమే.

ఒక చీరల దుకాణంలో అడిగితే, వెనక వీధిలో ఇంకా చేత్తో ఆసు పోసే ఇల్లు చూపించారు. అరుగు దాటి లోపలికి వెళ్ళగానే ఒకావిడ కనిపించింది. వయసు అరవై దాటి ఉంటుంది. “రాండ్రి బిడ్డా, కూసోండ్రి” అని చాప వేసింది. ఆమె ముందు చెక్క చట్రం ఉంది. దానికి ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. ఆమె చేతిలో పట్టు పోగు. ఒంటి మేకు దగ్గర మొదలుపెట్టి చెయ్యి చాచి అవతలి మేకు చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చి, మళ్ళీ పక్క మేకుకు తీసుకెళ్తోంది. ఒక్కొక్క చాపు దాదాపు గజం దూరం ఉంటుంది. చెయ్యి ఎంత త్వరగా తిరుగుతోందంటే పోగు కంటికి ఆనడం లేదు. తెగినప్పుడు మాత్రమే కనిపించింది. రెండు కొసలూ వేళ్ళ మధ్య నలిపి ముడి వేసి, క్షణం ఆగకుండా మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక్క చీరకు కావలసిన పేకకు, అంటే అడ్డపోగుకు, ఇలా దాదాపు 9,000 సార్లు చెయ్యి తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే చెయ్యి 18,000 సార్లు తిరుగుతుంది. ఈ లెక్క నాకు ముందే తెలుసు. అయినా ఆమె కుడి భుజం దగ్గర రవికె కుట్టు చూశాక ఆ లెక్క నాకు వేరేగా వినిపించింది. ఎడమ వైపు కుట్టు బాగానే ఉంది. కుడి వైపు మాత్రం పైన మరో గుడ్డ వేసి కుట్టారు, అదీ చిరుగుతోంది. నేను చూస్తున్నానని గమనించి, “ఈ పక్కనే చినుగుతది” అంది మామూలుగా.

అత్తయ్య కూడా కాసేపు ప్రయత్నించింది. పది చాపులు కాకముందే భుజం పట్టుకుంది. పక్కింట్లో యంత్రం ఉందని ఆ ఇంటి పెద్దావిడే తీసుకెళ్ళింది. అక్కడ మోటారు తిరుగుతుంటే చిన్న చెయ్యి లాంటి కడ్డీ పోగును మేకుల మీదుగా అటూ ఇటూ తీసుకెళ్తోంది. ఆ ఇంటి కోడలు దాని పక్కనే కూర్చుని పిల్లవాడి చేత ఎక్కాలు చదివిస్తోంది. మధ్యలో పోగు తెగితే లేచి అతుకుతోంది. ఒక చీర పేక గంటన్నరలో అయిపోతుంది. సినిమాలో మల్లేశం ఎన్నిసార్లు విఫలమయ్యాడో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను గానీ, ఆ పని ఎందుకంత విలువైనదో ఈ రెండు ఇళ్ళ మధ్య పది అడుగులు నడిచాకే నాకు పూర్తిగా తెలిసింది.

ఆసు పోసిన తరువాత పోగులను చట్రం మీద బిగిస్తారు. గళ్ళ కాగితం మీద గీసిన డిజైను చూసుకుంటూ, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ పాత సైకిలు ట్యూబు పీలికలతో గట్టిగా చుడతారు. దీన్ని చిటికి కట్టడం అంటారు. తరువాత రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్ళీ ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్ని సార్లు. అంటే మగ్గం ఎక్కకముందే చీర మీది ఏనుగూ చిలకా పోగులోనే ఉంటాయి. ఇంకా గుడ్డ లేదు, బొమ్మ మాత్రం ఉంది. నేను చేతిలోకి తీసుకున్న పోగుల కట్టలో ఎరుపు, పసుపు, తెలుపు ముక్కలు ముక్కలుగా కనిపించాయి తప్ప ఏ బొమ్మా తెలియలేదు. “ఇది చిలక ముక్కు” అని నేత పనిచేసే ఆయన వేలు పెట్టి చూపించారు. ఎంత చూసినా నాకు ముక్కు కనిపించలేదు, ఆయనకు మాత్రం చిలక మొత్తం కనిపిస్తోంది.

నేలలో గుంట తీసి అమర్చిన గుంట మగ్గం మీద ఆ ముక్కలన్నీ ఒకచోట చేరతాయి. ఆయన పేక పోగును మోసే నాడె విసిరి, దాన్ని దగ్గరికి నొక్కే దువ్వెన లాంటి పన్నె కొట్టేముందు అంచు దగ్గర పేక పోగును వేలితో కొంచెం అటు లేదా ఇటు జరుపుతున్నారు. వెంట్రుకవాసి జరిగితే చాలు, ముక్క పక్కన ముక్క సరిగ్గా కూర్చుంటుంది. మిగిలిన పోగు అంచు బయట చిన్న ఉచ్చులా నిలుస్తుంది. ప్రతి పోగుకూ ఇదే పని. ఎంత సరిచేసినా ఒక పోగు రవ్వంత ముందుకో వెనక్కో ఉంటుంది. అందుకే పోచంపల్లి బొమ్మల అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టు మెత్తగా ఉంటాయి. బస్సులో ఆ అమ్మాయికి నేను చెప్పలేకపోయింది ఇదే. అచ్చు వేసిన చీరలో గీత నిటారుగా ఉంటుంది, తిప్పి చూస్తే వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. పోగుకే రంగు వేసిన చీరకు రెండు వైపులా ఒకే నిండుదనం. ఇలా పోగుకు ముందే రంగు వేసి నేసే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఆ ప్రాంతం పేరుతో ఇచ్చే జీఐ) వచ్చినా, ఆ గళ్ళను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మేవాళ్ళు ఆగలేదు.

గోడకు అతికించిన గళ్ళ కాగితాన్ని ఫోటో తీయబోతే ఆయన మర్యాదగా ఆపారు. “మగ్గం తీసుకోండి, మమ్మల్ని తీసుకోండి, కాగితం మాత్రం వద్దమ్మా” అన్నారు. కొత్త డిజైను ఫోనుల్లోకి ఎక్కితే తాము మొదటి చీర కోయకముందే అచ్చు చీరలు బజారుకు వస్తున్నాయట. నేను ఫోను సంచిలో పెట్టేశాను. మీరు వెళ్ళినా ఇది గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర వేడివేడి మిరపకాయ బజ్జీలు తిని, చాయ్ తాగి, మళ్ళీ చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాకకు వెళ్ళాం. పోచంపల్లికి వచ్చినంతమంది ఇక్కడికి రారు. నా దృష్టిలో చీరలను ప్రేమించేవాళ్ళు తప్పకుండా రావలసిన ఊరు మాత్రం ఇదే. ఇక్కడ పడుగుకూ (నిలువు పోగు) పేకకూ రెండింటికీ చిటికి కడతారు. రెండు వైపుల నుంచి వచ్చే బొమ్మలు మగ్గం మీద ఒకే చోట కలవాలి. ఒకటి తప్పితే రెండోదీ చెడుతుంది. గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. ఒక చిన్న ఊరికి, ఒకే పనికి రెండు పద్మశ్రీలు!

అక్కడ తేలియా రుమాలు చూడడం నాకు ఆ రోజు దక్కిన గొప్ప భాగ్యం. ఒకప్పుడు చీరాలలో నేసి అరబ్బు దేశాలకు ఎగుమతి చేసేవారు, అక్కడి మగవాళ్ళు తలకు చుట్టుకునేవారు. నూలును ఆముదంలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్ళీ నానబెడతారు. అప్పుడే ఎరుపు అంత లోతుగా పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప మరో రంగు లేదు. 2020లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన సన్నగా తగిలింది. ఎన్నో ఉతుకులు పడినా ఆ వాసన పూర్తిగా పోదని అక్కడివాళ్ళు చెప్పారు. నల్ల గళ్ళ మధ్య తెల్లటి చుక్కలున్న ఒక రుమాలును నేను చాలాసేపు వదల్లేకపోయాను.

మన సినిమాల్లో ఒక కొత్త నటుడు ఒక్క సన్నివేశంలో కనిపించినా చివర పేర్లలో అతని పేరు వస్తుంది. వంటవాళ్ళ పేర్లూ, వాహనాలు నడిపినవాళ్ళ పేర్లూ వేస్తున్నారు, వేయాలి కూడా. పాటంతా తెరను నింపిన చీరను నేసినవాళ్ళ ఊరి పేరైనా ఎందుకు వేయరు? నేత పోచంపల్లి, నేత పుట్టపాక అని ఒక వరుస చాలు. దుస్తులు రూపొందించినవాళ్ళ పేరు పక్కనే రావాలి. ఆసు పోసిన ఆ పెద్దావిడ మనవరాలు సినిమా హాల్లో కూర్చుని తన ఊరి పేరు చదువుకోవాలి. జానపద పాటలు తీసే మన పిల్లలకైతే ఇది ఇంకా సులువు. వాళ్ళ ఊళ్ళకూ ఈ మగ్గాలకూ మధ్య దూరం గంట ప్రయాణమే. అచ్చు చీర బదులు పక్క ఊరి నేత చీర కట్టించి, పాట కింద ఆ ఊరి పేరు రాస్తే చాలు, అంతమంది చూసేది ఊరికే పోదు.

అత్తయ్య పోచంపల్లిలో ఆకుపచ్చ మీద తెల్లని గళ్ళ నూలు చీర కొంది. బేరం ఆడటంలో మా వాడకట్టులో ఆమెకు సాటి లేరు. అలాంటి మనిషి ఆ ఇంట్లో చెప్పిన ధర మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. నేను పుట్టపాకలో ఎర్ర దుపట్టా తీసుకున్నాను, ఆ రుమాలు కొనడానికి దాచుకున్న డబ్బు చాల్లేదు. దీపావళికల్లా కొంటాను. తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. ఆ రద్దీలోనే అత్తయ్య వచ్చే నెల గద్వాల ప్రయాణం ఖరారు చేసింది. అక్కడి చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ మగ్గం మీదే ఎలా కలుపుతారో ఈసారి ఉదయం నుంచీ కూర్చుని చూడాలని ఇద్దరం అనుకున్నాం.