కనపడని కణాలకు మందు మోతాదు

ఈ రోజు ఉదయమంతా రక్తంలో టాక్రోలిమస్ (మార్పిడి చేసిన పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందు) స్థాయి చూసే పరీక్షలతోనే గడిచింది. రాత్రి మోతాదు పడి సుమారు 12 గంటలయ్యాక, ఉదయపు మందు వేసుకోకముందు తీసిన రక్తమే ఈ లెక్కకు పనికివస్తుంది కనుక, సమయం రాయని నమూనా వచ్చినప్పుడల్లా వార్డుకు ఫోన్ చేయక తప్పలేదు. స్థాయి తగ్గితే తిరస్కరణ భయం. పెరిగితే మూత్రపిండాలకు చేటు, ఇన్ఫెక్షన్ల బెడద.

నమూనాలన్నీ పూర్తి కాలేయం అమర్చినవారివే. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికాక, కాలేయ కణాలను మాత్రమే మార్పిడి చేసిన 1998 నాటి వ్యాసాన్ని మళ్లీ చదివాను. బిలిరుబిన్‌ను (కామెర్లు తెచ్చే పసుపు పదార్థాన్ని) వదిలించే ఎంజైము పుట్టుకతోనే లేని క్రిగ్లర్–నజ్జార్ మొదటి రకం జబ్బు ఉన్న పదేళ్ల బాలికకు దాదాపు 750 కోట్ల కణాలను పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర ద్వారా ఎక్కించి, వాటిని కాపాడడానికి టాక్రోలిమస్ ఇచ్చారు. ఆ కణాలు మొత్తం కాలేయంలో సుమారు 5 శాతమే అయినా బిలిరుబిన్ బాగా తగ్గి, ఆ మేలు 11 నెలలకు పైగా నిలిచింది.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది ఆ తరువాతి సంగతి. పూర్తి కాలేయంలో తిరస్కరణ మొదలైతే, కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఎంజైమైన ఏఎల్‌టీ పెరుగుతుంది, అనుమానం ఉంటే బయాప్సీ చేసి (సూదితో చిన్న ముక్క తీసి చూసి) తేల్చుకోవచ్చు. రోగి సొంత కాలేయమంతటా చెదిరిపోయిన పరాయి కణాల విషయంలో మాత్రం సూదికి ఏ ముక్క చిక్కుతుందో చెప్పలేము. పైగా టాక్రోలిమస్, పరాయి కణాలపై దాడి చేసే తెల్ల రక్తకణాలైన టీ కణాలలోని ఎంజైమైన కాల్సినూరిన్‌ను అడ్డుకుని ఇంటర్‌ల్యూకిన్-2 (ఆ కణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్) తయారీని ఆపుతుందే గాని, ఎక్కించిన తొలి గంటల్లోనే రక్తం గడ్డకట్టే ప్రక్రియ వల్లా, కాలేయంలో ఉండి పరాయివాటిని మింగే కుప్ఫర్ కణాల వల్లా జరిగే నష్టాన్ని ఆపలేదు. కాబట్టి బిలిరుబిన్ మళ్లీ పెరిగినప్పుడు, మందు చాలకనా, మొదట్లోనే నిలిచిన కణాలు తక్కువ కావడం వల్లనా అన్నది తేలదు. ఎలుకలలోనైతే అమర్చిన పరాయి కాలేయం మందు లేకుండానే నిలిచే సందర్భాలున్నాయి. అదే కాలేయపు కణాలను విడదీసి ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే తిరస్కరణకు గురవుతాయి. కణాలు కొద్దిపాటివే కదా, మందూ కొద్దిగా చాలునన్న మాట వినడానికి బాగుంటుంది గాని, నాకైతే నమ్మకం కుదరదు.

ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) పూసల్లో కణాలను పొదిగి పొట్టలోపలి పొరల మధ్య ఉంచితే ఈ మందులే అక్కర్లేదన్న మార్గాన్ని లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వైద్యులు పిల్లల్లో ప్రయత్నించారు. అయితే అది హఠాత్తుగా కాలేయం విఫలమైనప్పుడు, సొంత కాలేయం కోలుకునేదాకా ఆదుకోవడానికి ఉద్దేశించినది. పుట్టుకతోనే ఎంజైము లేని బిడ్డకు కణాలు ఏళ్ల తరబడి బతకాలి, అంతకాలమూ ఈ మందు కొనసాగాలి.