గామా పేలుడు: ఎటునుంచి, ఎంతసేపు?

అంతరిక్షంలో ఉన్నట్టుండి మెరిసి ఆరిపోయే గామా కిరణాల వెలుగే గామా పేలుడు. ఈ కిరణాలను మామూలు అద్దాలతో ఒకచోటికి చేర్చలేం. అందుకే ఫెర్మీ ఉపగ్రహంలో ఈ పేలుళ్లను కనిపెట్టే పరికరమైన జీబీఎంలో 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లు తలో దిక్కు చూస్తుంటాయి. కనీసం రెండింటిలో తగిలిన కిరణాల లెక్క నేపథ్యాన్ని, అంటే ఎప్పుడూ ఉండే లెక్కను, దాదాపు 4.5 సిగ్మా (మామూలు ఒడిదుడుకుకు 4.5 రెట్లు) దాటితేనే ట్రిగ్గర్, అంటే పేలుడుగా నమోదు. దేనికెంత తగిలిందో చూసి దిక్కు కడతారు. కొన్ని డిగ్రీలు అటూఇటూ కావడం మామూలే. స్విఫ్ట్ ఉపగ్రహమైతే డిటెక్టర్లపై పడే సీసపు పలకల నీడను చదివి ఆ తేడాను ఆర్క్‌నిమిషాలకు (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) తెస్తుంది.

వ్యవధికి కొలత టీ90: మొత్తం లెక్కలో 5 నుంచి 95 శాతం చేరడానికి పట్టిన సమయం. నేపథ్యపు గీత కాస్త పైకి గీశారా, పేలుడు తోక మాయం! పొట్టి, పొడుగు పేలుళ్లను విడదీసే 2 సెకన్ల హద్దును నేనైతే గుడ్డిగా నమ్మను. 2021 డిసెంబరు 11 నాటిది 30 సెకన్లు దాటినా, పొట్టి పేలుళ్లతో ముడిపెట్టే కిలోనోవా (న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పటి వెలుగు) ఆనవాళ్లు చూపింది.

మరీ ప్రకాశవంతమైతే ఇంకో తలనొప్పి. 2022 అక్టోబరు 9 పేలుడులో డిటెక్టర్లలో ఒక్కో కిరణం పుట్టించే పల్స్‌లు ఒకదానిమీదొకటి పడి శక్తి లెక్కలు చెడిపోయాయి. ఆ సమయపు డేటా ముక్కను దిద్దకుండా వర్ణపటానికి (ఏ శక్తి కిరణాలు ఎన్నో చూపే లెక్కకు) వాడకూడదు.