గోటితో గీకి చూశా

కావలిలో మా పెరటి దేవగన్నేరు జనవరికల్లా ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడింది. "చచ్చిపోయిందిరా, పీకి పారెయ్" అంది అమ్మ. చలికి ఆకు రాల్చడం దాని గుణమేనని తెలుసు, అయినా టెన్షనే. మొదటి కొమ్మను నేనే చంపాను మరి. కోసిన రోజే, పాలు కారుతుండగానే నాటేశా, పైగా కార్తీకంలో ముసురు. అడుగు కుళ్లి, నొక్కితే వేలు మెత్తగా దిగిపోయింది.

ఈ రెండోదాన్ని వసారాలో 10 రోజులు ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పెట్టా. అందుకే పీకబుద్ధి కాలేదు. గోటితో బెరడు కాస్త గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంది! నీళ్లు బాగా తగ్గించేశా (నేను చూడనప్పుడు అమ్మ చెంబుతో పోసేది, నాకు తెలుసు).

ఏప్రిల్‌లో కొమ్మ కొసన మొగ్గల గుత్తి వచ్చింది. నిన్న పొద్దున మొదటి పువ్వు విచ్చింది. ఫొటో తీద్దామని ఫోన్ తెచ్చేలోపే అమ్మ కోసి దేవుడి పటానికి పెట్టేసింది.