కందుకూరు ఏ జిల్లా?

ఆదివారం. పొద్దున్నుంచీ కరెంటు పోతా వస్తా ఉంది. క్లాసు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. యూరప్‌లో అప్పటికి ఇంకా పొద్దునే. ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని వరండాలో కూర్చున్నా.

న్యూరోసైన్స్ రీసెర్చ్ చేసేవాళ్లకి పెట్టిన ఆన్‌లైన్ శిక్షణ ఇది. సగం మెదడు అనాటమీ, సగం ఓపెన్ సైన్స్, అంటే డేటానీ పద్ధతులనీ అందరికీ తెరిచిపెట్టడం. ఈ రెంటినీ ఒకే కోర్సులో ఎందుకు కలిపారో ఇవాళ బాగా ఎక్కింది.

తెర మీద చుంచెలుక మెదడు ముక్క. ఎడమ పక్క హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకి ముఖ్యమైన మెదడు భాగం) బాగా కిందికి వంగి దిగిపోయింది. కుడి పక్క ఇంకా పైనే, చిన్నగా చుట్టుకుని ఉంది. జబ్బేం కాదు, కోసేటప్పుడు బ్లేడు ఒరిగింది, అంతే. మెదడులో వెనక్కి పోయేకొద్దీ హిప్పోక్యాంపస్ కిందికి దిగుతుంది. అంటే ఎడమ పక్క ఇంకాస్త వెనక తెగిందన్నమాట. క్విక్‌ఎన్‌ఐఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అట్లాసుని, అంటే భాగాల హద్దులు గీసిన మెదడు పటాన్ని కూడా అదే ఒరుగుతో కోసి మన ముక్క మీద పరుచుకోవచ్చు. గీతలు సరిగ్గా కూర్చునేదాకా జరుపుతూనే ఉన్నా. భలే ఓపిక కావాలి. ఆ అట్లాసు సియాటిల్‌లోని అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది, 1675 చుంచెలుకల మెదళ్ల సగటుతో చేసిన త్రీడీ పటం.

పక్కన పేపరు చదువుకుంటున్న నాన్న తొంగి చూశాడు. "భాగం పేరు రాసేస్తే చాలదా అమ్మా? ఈ గీతలన్నీ ఎందుకు?"

"మన కందుకూరు ఏ జిల్లా నాన్నా?"

"ఎప్పటి సంగతి అడుగుతుండావు? 1970కి ముందు నెల్లూరు. ఆ పైన ప్రకాశం. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశంలోకి మార్చారు."

నాకు కావాల్సింది ఆయనే చెప్పేశాడు. చుంచెలుక మెదడుకే ఉన్న ఇంకో అట్లాసు పాక్సినోస్–ఫ్రాంక్లిన్‌లో ఒక భాగానికున్న హద్దు అలెన్ అట్లాసులో అక్కడే ఉండాలని లేదు, పేర్లూ కొన్ని వేరు. ఏ అట్లాసు, ఎన్నో వెర్షన్, కోఆర్డినేట్లు ఎంత అని రాయకుండా పేరొక్కటే రాస్తే ఇంకొకరు ఆ చోటు పట్టుకోలేరు. ఫొటోలు అప్‌లోడ్ చేసేసి ఓపెన్ సైన్స్ చేశాం అనుకునేవాళ్ల మీద నాకు మొదట్నుంచీ చిరాకే. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాలు అడిగేది కూడా ఇదేగా: డేటా వెతికితే దొరకాలి, చేతికందాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ పనికిరావాలి. నన్నడిగితే నాలుగోదే అసలు పరీక్ష.

క్లాసయ్యాక నాన్నకి 'ధరణి' చూపిద్దామని తెరిచా. ఐఐటీ మద్రాసు వాళ్లు 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన గర్భస్థ శిశువుల మెదడు అట్లాసు అది. 5132 సెక్షన్లు, అంటే మెదడు ముక్కలు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల దూరంలో జరిగిన పని! దగ్గరికి జరిపేకొద్దీ కణాలు విడివిడిగా తేలుతుంటే నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. అంతలో నా డేటా కాస్తా అయిపోయింది. అమ్మ ఫోన్ అడిగితే, సీరియల్ అయ్యాక ఇస్తానంది.